ఉపకేంద్రానికి సోలార్ వెలుగు: ఛార్జ్ కంట్రోలర్‌ను ఎలా ఎంచుకోవాలి?



ఆరోగ్య విషయాలు చెప్పే ఈ పత్రికలో బ్యాటరీల గురించి, సోలార్ పెట్టెల గురించి ఎందుకు రాస్తున్నాం అని మీలో కొందరికి అనిపించవచ్చు. కాన్పు నొప్పులు పగలూ రాత్రీ చూసి రావు. అర్ధరాత్రి బిడ్డ పుట్టిన తర్వాత తల్లికి రక్తస్రావం ఆగకపోతే, అది ఎక్కడి నుండి వస్తున్నదో నర్సమ్మ కంటికి కనబడాలి. విరేచనాలతో సోలిపోయిన పసిబిడ్డకు సెలైన్ పెట్టాలంటే నరం కనబడాలి. దీపం లేకపోతే చేతిలో మందు ఉన్నా, చేసే నేర్పు ఉన్నా ప్రయోజనం సగమే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రపంచ బ్యాంకు తదితర సంస్థలు కలిసి 2023 జనవరిలో వెలువరించిన నివేదిక ప్రకారం, పేద, దిగువ మధ్య ఆదాయ దేశాలలో దాదాపు 100 కోట్ల మంది ప్రజలు నిలకడగా కరెంటు లేని, లేదా అసలు కరెంటే లేని ఆరోగ్య కేంద్రాల మీద ఆధారపడి ఉన్నారు. మన ఏజెన్సీ గ్రామాలలో తీగలు ఉన్న చోట కూడా గాలివాన తర్వాత రోజుల తరబడి కరెంటు రాకపోవడం మీకు తెలిసినదే. అందుకే ఉపకేంద్రాలలో, విద్యార్థుల వసతి గృహాలలో చిన్న సోలార్ ఏర్పాట్లు పెట్టుకుంటున్నారు.

ఇలాంటి చోట్ల తరచుగా వినిపించే మాట ఒకటుంది: "మొదటి సంవత్సరం బాగానే వెలిగిందండీ, తర్వాత బ్యాటరీ పోయింది." మంచి సోలార్ ప్యానెల్ ఇరవై ఏళ్ళకు పైగా పనిచేస్తుంది. మధ్యలో పోయేది బ్యాటరీ. అది ముందుగానే పోవడానికి ఒక ముఖ్య కారణం, ప్యానెల్‌కూ బ్యాటరీకీ మధ్య గోడకు తగిలించే చిన్న పెట్టె, అంటే ఛార్జ్ కంట్రోలర్, తగినది కాకపోవడం. లేదా తగినదే అయినా సరిగా అమర్చకపోవడం. మొత్తం ఏర్పాటులో ఇది తక్కువ ఖరీదు వస్తువు. ఎక్కువ ఖరీదు పెట్టి కొన్న బ్యాటరీ ఆయుష్షు మాత్రం దీని చేతిలోనే ఉంది. కనుక దీనిని ఎలా ఎంచుకోవాలో ఈ సంచికలో వివరిస్తున్నాము.

ఛార్జ్ కంట్రోలర్ ఏం చేస్తుంది?

వార్డులో సెలైన్ ఎక్కించేటప్పుడు సిస్టర్ ఏం చేస్తారో గుర్తు తెచ్చుకోండి. నీరు బాగా తగ్గిన రోగికి మొదట వేగంగా ఎక్కిస్తారు. కోలుకుంటున్న కొద్దీ చుక్కల వేగం తగ్గిస్తారు. ఆ తర్వాత అవసరానికి సరిపడా మాత్రమే వదులుతారు. కంట్రోలర్ బ్యాటరీకి చేసే సేవ కూడా ఇలాంటిదే. 12 వోల్టుల సాధారణ లెడ్ యాసిడ్ బ్యాటరీని తీసుకుంటే మూడు దశలు ఉంటాయి.

మొదటి దశ బల్క్. ప్యానెల్ ఇచ్చే కరెంటు అంతా బ్యాటరీకి వెళుతుంది. రెండవది అబ్సార్ప్షన్. బ్యాటరీ వోల్టేజి సుమారు 14.4కు చేరగానే కంట్రోలర్ దానిని అక్కడే పట్టి ఉంచి, కరెంటును మెల్లగా తగ్గిస్తుంది. మూడవది ఫ్లోట్. బ్యాటరీ నిండిన తర్వాత సుమారు 13.6 నుండి 13.8 వోల్టుల దగ్గర నిలబెడుతుంది.

కంట్రోలర్ లేకుండా ప్యానెల్‌ను నేరుగా బ్యాటరీకి కలిపితే, నిండిన తర్వాత కూడా కరెంటు వెళుతూనే ఉంటుంది. లోపలి నీరు విడిపోయి హైడ్రోజన్ వాయువు బయటికి వస్తుంది, నీటి మట్టం పడిపోతుంది, పలకలు పాడవుతాయి. అలాగని బ్యాటరీని పూర్తిగా నింపకుండా ప్రతిరోజూ సగంలోనే వదిలేసినా, పలకల మీద సల్ఫేటు పొర గట్టిపడి బ్యాటరీ శక్తి తగ్గిపోతుంది. ఎక్కువా ప్రమాదమే, తక్కువా ప్రమాదమే.

కంట్రోలర్‌కు ఇంకా రెండు పనులున్నాయి. రాత్రిపూట బ్యాటరీలోని కరెంటు తిరిగి ప్యానెల్‌లోకి పోకుండా ఆపుతుంది. దీపాలు, ఫ్యాన్లు వాడీ వాడీ బ్యాటరీ బాగా దిగిపోతే, వాటిని తనంతట తానే ఆపివేస్తుంది. ఈ చివరి పని గురించి తర్వాత వివరంగా చెబుతాము.

మొదట లెక్క వేయండి

దుకాణానికి వెళ్ళే ముందు కాగితం, పెన్ను తీసుకోండి. ఏ వస్తువు ఎన్ని వాట్లు, రోజుకు ఎన్ని గంటలు వాడతారో రాయండి. ఒక చిన్న ఉపకేంద్రాన్ని ఉదాహరణగా తీసుకుందాం.

9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బులు నాలుగు, ఒక్కొక్కటి 5 గంటలు: 180 వాట్-అవర్లు.
కాన్పు గదిలో 12 వాట్ల దీపం, 6 గంటలు: 72 వాట్-అవర్లు.
25 వాట్ల డి.సి. ఫ్యాన్ ఒకటి, 8 గంటలు: 200 వాట్-అవర్లు.
ఫోన్లు, గర్భస్థ శిశువు గుండె చప్పుడు వినే డాప్లర్ ఛార్జింగ్, 10 వాట్లు, 4 గంటలు: 40 వాట్-అవర్లు.

మొత్తం 492. అంటే రోజుకు సుమారు 500 వాట్-అవర్లు.

మబ్బులు, దుమ్ము, తీగలలో నష్టం, బ్యాటరీలో నష్టం అన్నీ తీసివేస్తే 200 వాట్ల ప్యానెల్ ఈ అవసరానికి మామూలు రోజులలో సరిపోతుంది. 12 వోల్టుల 150 ఆంపియర్-అవర్ ట్యూబులర్ బ్యాటరీలో మొత్తం 1800 వాట్-అవర్లు పడతాయి. అందులో సగమే వాడుకోవాలన్న నియమం పెట్టుకుంటే 900 మిగులుతుంది. ముసురు పట్టినా దాదాపు రెండు రాత్రులు గడుస్తాయి.

ఇప్పుడు ఈ ఏర్పాటుకు కంట్రోలర్ చూద్దాం.

ఎన్ని ఆంపియర్లది కావాలి?

ప్యానెల్ వెనుక ఒక చీటీ అంటించి ఉంటుంది. అందులో "షార్ట్ సర్క్యూట్ కరెంట్" అనే అంకె చూడండి. 12 వోల్టుల బ్యాటరీ కోసం చేసిన 100 వాట్ల ప్యానెల్‌కు అది సుమారు 6 ఆంపియర్లు ఉంటుంది. రెండు ప్యానెళ్ళను ప్యారలల్‌గా, అంటే ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలిపితే 12 ఆంపియర్లు. మబ్బు అంచు నుండి ఎండ ఒక్కసారిగా కొట్టినప్పుడు ప్యానెల్ చీటీ మీద ఉన్నదానికంటే ఎక్కువ కూడా ఇస్తుంది. కనుక నాలుగో వంతు అదనంగా వేసుకోవాలి. 12కు 3 కలిపితే 15. సరిగ్గా 15 ఆంపియర్ల కంట్రోలర్ కొంటే అది ఎప్పుడూ అంచు మీదే పనిచేస్తూ వేడెక్కుతుంది. 20 ఆంపియర్లది తీసుకోండి. రేపు ఇంకొక చిన్న ప్యానెల్ చేర్చుకోవాలన్నా చోటు ఉంటుంది.

రెండో వైపు లెక్క కూడా మరచిపోవద్దు. పైన చెప్పిన వస్తువులన్నీ ఒకేసారి వేస్తే 83 వాట్లు, అంటే 12 వోల్టుల మీద సుమారు 7 ఆంపియర్లు. కంట్రోలర్ మీద "లోడ్" అని రాసి ఉన్న చోట ఇంత కరెంటు తట్టుకోగలదా అని చూసుకోవాలి. 20 ఆంపియర్లదానికి ఇది ఇబ్బంది కాదు.

పి.డబ్ల్యు.ఎం. రకమా, ఎం.పి.పి.టి. రకమా?

దుకాణంలో మొదట అడిగే ప్రశ్న ఇదే. ధరలో తేడా చాలా ఉంటుంది కనుక తెలుసుకుని కొనాలి.

పి.డబ్ల్యు.ఎం. కంట్రోలర్ ఒక వేగమైన స్విచ్ లాంటిది. ప్యానెల్‌ను బ్యాటరీకి కలుపుతూ, విడదీస్తూ ఉంటుంది. కలిపినప్పుడు ప్యానెల్ కూడా బ్యాటరీ వోల్టేజి దగ్గరే పనిచేయాలి. ఎం.పి.పి.టి. కంట్రోలర్ ప్యానెల్‌ను దానికి అనువైన ఎక్కువ వోల్టేజి మీదే పనిచేయనిచ్చి, ఆ అదనపు వోల్టులను ఆంపియర్లుగా మార్చి బ్యాటరీకి అందిస్తుంది.

ఖరీదైనది ఎప్పుడూ మంచిదే కదా అని చాలామంది అనుకుంటారు. ఇది ప్యానెల్‌ను బట్టి ఉంటుంది.

12 వోల్టుల బ్యాటరీ కోసమే చేసిన ప్యానెల్‌లో 36 సెల్స్ ఉంటాయి. అది 25 డిగ్రీల దగ్గర సుమారు 18 వోల్టుల మీద పనిచేస్తుంది. మన మైదాన ప్రాంతపు ఎండలో ప్యానెల్ 60 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. అప్పుడు ఆ 18 వోల్టులు 15.5కు దిగుతాయి. బ్యాటరీ ఛార్జ్ అయ్యేటప్పుడు 13 నుండి 14.4 వోల్టుల మధ్య ఉంటుంది. మిగిలే తేడా తక్కువ. కనుక ఇలాంటి చిన్న ప్యానెళ్ళకు మన వేడిలో ఎం.పి.పి.టి. వల్ల వచ్చే లాభం స్వల్పమే. మంచి పి.డబ్ల్యు.ఎం. సరిపోతుంది. మిగిలిన డబ్బుతో నాణ్యమైన తీగ, ఫ్యూజులు కొనుక్కోవచ్చు.

ఇళ్ళ పైకప్పుల మీద పెట్టే పెద్ద ప్యానెల్ ఎవరైనా దాత ఇస్తే మాత్రం సంగతి వేరు. 72 సెల్స్ ఉన్న 330 వాట్ల ప్యానెల్ సుమారు 37 వోల్టుల మీద 9 ఆంపియర్లు ఇస్తుంది. దానిని పి.డబ్ల్యు.ఎం. ద్వారా 12 వోల్టుల బ్యాటరీకి కలిపితే ఆ 9 ఆంపియర్లే 13 వోల్టుల మీద వస్తాయి. తొమ్మిది పదమూళ్ళు 117 వాట్లు! 330 వాట్లు ఇవ్వగల ప్యానెల్ నుండి మూడో వంతుకు కాస్త పైన మాత్రమే అందుతుంది. ఇక్కడ ఎం.పి.పి.టి. తప్పనిసరి. దాని ఆంపియర్లు లెక్కించడానికి 330ని 12తో భాగించండి. 27.5 వస్తుంది. 30 ఆంపియర్లది తీసుకోవాలి.

అయితే 150 ఆంపియర్-అవర్ ట్యూబులర్ బ్యాటరీకి దాని సామర్థ్యంలో పదో వంతు, అంటే 15 ఆంపియర్ల ఛార్జింగ్ సాధారణంగా సూచిస్తారు. కనుక ఛార్జింగ్ కరెంటుకు హద్దు పెట్టే అమరిక ఉన్న కంట్రోలర్‌ను అడగండి. హద్దు ఎంత పెట్టాలో బ్యాటరీతో వచ్చిన కాగితం చెబుతుంది.

ఇంకొక హెచ్చరిక. పైన ఎం.పి.పి.టి. అని రాసి, లోపల పి.డబ్ల్యు.ఎం. పెట్టిన పెట్టెలు బజారులో చాలా తిరుగుతున్నాయి. కనిపెట్టడం కష్టం కాదు. కాస్త దిగిన బ్యాటరీ, పెద్ద ప్యానెల్, మంచి ఎండ ఉన్నప్పుడు ప్యానెల్ తీగలో ఎన్ని ఆంపియర్లు వస్తున్నాయో, బ్యాటరీ తీగలో ఎన్ని వెళుతున్నాయో డి.సి. కొలిచే క్లాంప్ మీటర్‌తో చూడమని మెకానిక్‌ను అడగండి. అసలైన ఎం.పి.పి.టి. అయితే బ్యాటరీ వైపు ఆంపియర్లు స్పష్టంగా ఎక్కువ ఉంటాయి. రెండు వైపులా ఒకటే ఉంటే మీరు పేరుకు మాత్రమే డబ్బు చెల్లించారన్నమాట.

చలి ఉదయం, వోల్టుల హద్దు

ప్రతి కంట్రోలర్‌కు ప్యానెల్ వైపు నుండి ఎన్ని వోల్టుల దాకా తట్టుకుంటుందో ఒక హద్దు ఉంటుంది. ఆంపియర్లు కాస్త ఎక్కువైతే మంచి ఎం.పి.పి.టి. కంట్రోలర్ తనకు తానే తగ్గించుకుంటుంది. వోల్టులు హద్దు దాటితే మాత్రం లోపలి భాగాలు కాలిపోతాయి.

ప్యానెల్ చీటీ మీద "ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి" అనే అంకె ఉంటుంది. అది 25 డిగ్రీల దగ్గర కొలిచినది. ప్యానెల్ చల్లబడితే ఆ అంకె పెరుగుతుంది. ఒక్కో డిగ్రీకి సుమారు 0.3 శాతం. ఇప్పుడు వస్తున్న 540 వాట్ల ప్యానెళ్ళకు ఇది 49.5 వోల్టుల దగ్గర ఉంటుంది. "మా కంట్రోలర్ 50 వోల్టులు తట్టుకుంటుంది, సరిపోతుంది" అని దుకాణదారు చెప్పవచ్చు. లంబసింగిలో చలికాలపు ఉదయం పాదరసం సున్నా దగ్గరకు దిగుతుంది. 25 డిగ్రీల తేడాకు 7.5 శాతం పెరిగితే 49.5 కాస్తా 53 వోల్టులు దాటుతుంది. తెల్లవారి మొదటి ఎండ పడగానే కంట్రోలర్ పోతుంది. కొండ ప్రాంతాల వారు చీటీ మీద అంకెకు కనీసం 10 శాతం కలిపి, అంతకంటే ఎక్కువ హద్దు ఉన్నదే తీసుకోవాలి.

మీ బ్యాటరీ ఏ రకం?

కంట్రోలర్ కొనేటప్పుడు బ్యాటరీ రకం ఎంచుకునే అమరిక ఉందా అని తప్పక చూడండి.

నీరు పోసే ట్యూబులర్ బ్యాటరీ: అబ్సార్ప్షన్ సుమారు 14.4 వోల్టులు. అప్పుడప్పుడు ఇంకాస్త పెంచి ఇచ్చే "ఈక్వలైజేషన్" ఛార్జ్ దీనికి మేలు చేస్తుంది.

మూత వేసిన జెల్ బ్యాటరీ: కాస్త తక్కువ వోల్టేజి. ఈక్వలైజేషన్ ఇవ్వకూడదు. ఇస్తే లోపలి తేమ పోతుంది, మళ్ళీ పోయడానికి దారి ఉండదు.

లిథియం ఫెర్రో ఫాస్ఫేట్ బ్యాటరీ: ఇప్పుడు చాలా చోట్ల దొరుకుతోంది. 12 వోల్టుల రకానికి 14.2 నుండి 14.6 వోల్టులు. ఈక్వలైజేషన్ వద్దు. వేడిని బట్టి వోల్టేజి మార్చే పద్ధతి కూడా దీనికి వద్దు. లిథియం అమరిక లేని పాత కంట్రోలర్‌ను దీనికి కలపకండి.

అమరిక అంకెలలో అనుమానం వస్తే బ్యాటరీ కంపెనీ ఇచ్చిన కాగితమే ప్రమాణం. కారు, లారీ బ్యాటరీలు ఇంజన్ స్టార్ట్ చేయడానికి క్షణాల పాటు ఎక్కువ కరెంటు ఇచ్చేందుకు చేసినవి. రోజూ సగం దాకా దిగి మళ్ళీ నిండే పనికి అవి తట్టుకోవు. ఎంత మంచి కంట్రోలర్ పెట్టినా వాటిని కాపాడలేదు.

మన ఎండలకు తగిన ఏర్పాటు

రెంటచింతల వంటి చోట్ల మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. రేకుల గదిలో బ్యాటరీ ఎంత వేడెక్కుతుందో ఊహించుకోండి. వేడిగా ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ తక్కువ వోల్టేజికే నిండుతుంది. 25 డిగ్రీల కోసం పెట్టిన 14.4 వోల్టులనే 40 డిగ్రీల దగ్గర కూడా ఇస్తే అది ఎక్కువైపోయి నీరు ఆవిరవుతుంది. అందుకే మంచి కంట్రోలర్లు వేడిని కొలిచి, ఒక్కో డిగ్రీ పెరిగే కొద్దీ 12 వోల్టుల బ్యాటరీకి సుమారు 18 నుండి 30 మిల్లీవోల్టుల చొప్పున తగ్గిస్తాయి. 40 డిగ్రీల దగ్గర అది 14 లేదా 14.1కు దిగుతుంది.

కొన్నింటిలో ఈ కొలత కంట్రోలర్ లోపలే ఉంటుంది. ఇంకొన్నింటికి చిన్న తీగ చివర సెన్సర్ ఉండి, దానిని బ్యాటరీకి అంటించవచ్చు. రెండవది మేలు. రోగికి జ్వరం ఉందో లేదో తెలియాలంటే థర్మామీటర్ రోగి నోటిలో పెట్టాలి గాని, పక్క గదిలో పెడితే లాభం లేదు కదా! లోపలి కొలత మాత్రమే ఉన్న కంట్రోలర్ అయితే బ్యాటరీ ఉన్న గదిలోనే పెట్టండి. అయితే సరిగ్గా బ్యాటరీ పైన వద్దు. అక్కడ యాసిడ్ ఆవిరి తగిలి తుప్పు పడుతుంది. కాస్త పక్కగా, చుట్టూ జానెడు ఖాళీ వదిలి, గాలి తగిలేలా గోడకు నిలువుగా బిగించాలి.

రాత్రి ఏది ముందు ఆరిపోవాలి?

ఈ భాగాన్ని దయచేసి జాగ్రత్తగా చదవండి.

బ్యాటరీ బాగా దిగిపోతే కంట్రోలర్ లోడ్‌ను ఆపివేస్తుందని పైన చెప్పాము. చాలా కంట్రోలర్లలో కంపెనీ పెట్టి పంపే అంకె సుమారు 11.1 వోల్టులు. అక్కడికి దిగిందంటే లెడ్ యాసిడ్ బ్యాటరీ దాదాపు ఖాళీ అయినట్టే. రోజూ అంతదాకా దించితే దాని ఆయుష్షు బాగా తగ్గిపోతుంది. ఈ అంకెను మార్చుకునే వీలున్న కంట్రోలర్‌నే కొని, 11.5 నుండి 11.8 మధ్య పెట్టుకోవడం మంచిది. తిరిగి కలిపే అంకె 12.6 దగ్గర ఉంచండి.

ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. బ్యాటరీని కాపాడడం కోసం కంట్రోలర్ లోడ్‌ను ఆపివేస్తే దీపాలన్నీ ఒకేసారి ఆరిపోతాయి. అది రాత్రి రెండు గంటల వేళ, బిడ్డ తల కనబడుతున్న సమయం కావచ్చు. కంట్రోలర్‌కు అది తెలియదు. సాయంత్రం నుండి తిరిగిన ఫ్యాను, పది ఫోన్ల ఛార్జింగ్ కలిసి కాన్పు గది దీపాన్ని ఆర్పివేసినట్టు అవుతుంది.

దీనికి సులువైన మార్గం ఉంది. ఫ్యాన్లు, ఫోన్లు, మామూలు బల్బులు కంట్రోలర్ "లోడ్" చోట కలపండి. కాన్పు గదిలోని ఒక్క 12 వాట్ల డి.సి. దీపానికి మాత్రం బ్యాటరీ నుండి నేరుగా విడి తీగ వేసి, బ్యాటరీ దగ్గరే 2 లేదా 3 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. 11.8 దగ్గర కంట్రోలర్ మిగతావన్నీ ఆపివేసినా బ్యాటరీలో కొంత శక్తి మిగిలే ఉంటుంది. ఆ దీపానికి కావలసింది ఒక్క ఆంపియరే. తెల్లవారే దాకా వెలుగుతుంది.

ఈ ఏర్పాటుకు మూడు షరతులు. ఆ దీపం 15 వోల్టుల దాకా తట్టుకునే రకం కావాలి. ఆ తీగకు మరే వస్తువూ కలపకూడదు. పని కాగానే దీపం ఆర్పాలి. ఎందుకంటే ఆ తీగకు కంట్రోలర్ కాపలా ఉండదు. స్విచ్ పక్కనే "కాన్పులకు మాత్రమే" అని రాసిన కాగితం అంటించండి. దీనితో పాటు ఛార్జ్ చేసిన చేతి లాంతరు ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి.

ఈ విషయం ఎంత ముఖ్యమో దూర దేశపు ఉదాహరణ ఒకటి చెబుతాము. అమెరికాకు చెందిన ప్రసూతి వైద్యురాలు డాక్టర్ లారా స్టాచెల్ 2008లో ఉత్తర నైజీరియాలోని ఒక ఆసుపత్రికి వెళ్ళి, కరెంటు లేక రాత్రి పూట ఆపరేషన్లు, కాన్పులు ఎలా ఆగిపోతున్నాయో చూశారు. సౌరశక్తి పాఠాలు చెప్పే ఆమె భర్త హాల్ అరాన్సన్‌తో కలిసి, కాన్పు గది దీపాలకు, శిశువు గుండె చప్పుడు వినే డాప్లర్‌కు సరిపోయే చిన్న సోలార్ పెట్టెను తయారు చేశారు. సూట్‌కేసు అంత ఉండే ఆ పెట్టెలో కూడా బ్యాటరీని కాచే ఛార్జ్ కంట్రోలర్ ఉంది. తల్లీబిడ్డల దీపాన్ని మిగతా అవసరాలతో కలపకుండా విడిగా చూడాలన్నదే అందులోని పాఠం.

అమర్చేటప్పుడు పాటించవలసిన వరుస

మొదట బ్యాటరీని కంట్రోలర్‌కు కలపాలి. తర్వాత ప్యానెల్. చివరగా లోడ్. విప్పేటప్పుడు ఇదే వరుస తిరగేయాలి: ముందు లోడ్, తర్వాత ప్యానెల్, చివరగా బ్యాటరీ. చాలా కంట్రోలర్లు మొదట బ్యాటరీని చూసి అది 12 వోల్టులదా, 24 వోల్టులదా అని గుర్తుపడతాయి. బ్యాటరీ లేకుండా ప్యానెల్ కలిపితే కంట్రోలర్ పాడయ్యే ప్రమాదం ఉంది.

బ్యాటరీ ప్లస్ తీగకు, బ్యాటరీకి దగ్గరగా ఫ్యూజు తప్పనిసరి. మన ఉదాహరణకు 6 స్క్వేర్ ఎం.ఎం. రాగి తీగ వాడండి. కంట్రోలర్‌కూ బ్యాటరీకీ మధ్య దూరం ఒకటి రెండు మీటర్లు మించకూడదు. తీగ సన్నగా, పొడవుగా ఉంటే దారిలోనే వోల్టేజి పడిపోయి, బ్యాటరీ నిండకుండానే నిండిందని కంట్రోలర్ పొరబడుతుంది.

బ్యాటరీ గదిలో గాలి ఆడాలి. బీడీ, కొవ్వొత్తి, పొయ్యి దగ్గరకు రానివ్వకండి. పిల్లలకు అందకుండా చూడండి. యాసిడ్ చర్మం మీద గాని, కంటిలో గాని పడితే వెంటనే ధారాళంగా మంచినీటితో కడుగుతూ ఉండాలి. కంటిలో పడితే కడిగిన తర్వాత ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురండి.

ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: ఇన్వర్టర్‌ను కంట్రోలర్ లోడ్ చోట కలపవచ్చా?
జవాబు: వద్దు. ఇన్వర్టర్ మొదలయ్యేటప్పుడు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. దానికి కంట్రోలర్ లోపలి భాగాలు కాలిపోవచ్చు. ఇన్వర్టర్‌ను తగిన ఫ్యూజు పెట్టి నేరుగా బ్యాటరీకే కలపాలి.

ప్రశ్న: టీకాల ఫ్రిజ్ కూడా దీని మీదే నడపవచ్చా?
జవాబు: నడపకండి. టీకాలు 2 నుండి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. పంచుకునే బ్యాటరీ మీద ఆ భరోసా ఉండదు. టీకాల కోసం విడిగా తయారు చేసిన సోలార్ ఫ్రిజ్‌లు ఉన్నాయి. వాటిలో బ్యాటరీ లేకుండా ఐసు రూపంలోనే చల్లదనాన్ని నిల్వ చేసుకునే రకాలు కూడా వచ్చాయి.

ప్రశ్న: ఆక్సిజన్ కాన్సంట్రేటర్?
జవాబు: నిమిషానికి 5 లీటర్లు ఇచ్చే యంత్రం సుమారు 300 నుండి 350 వాట్లు తీసుకుంటుంది. పది గంటలు నడిస్తే 3000 వాట్-అవర్లు దాటుతుంది. మన లెక్కలోని మొత్తం ఏర్పాటుకు ఆరు రెట్లు! దానికి వేరే పెద్ద ఏర్పాటు కావాలి.

ప్రశ్న: నెలకు ఒకసారి ఏం చూసుకోవాలి?
జవాబు: ప్యానెల్ మీద దుమ్ము ఉదయం చల్లని వేళ తుడవండి. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ మట్టం చూడండి. బావి నీరు, కుళాయి నీరు పోయవద్దు. టెర్మినల్స్ మీద చిలుము పడితే శుభ్రం చేసి పెట్రోలియం జెల్లీ రాయండి. కంట్రోలర్ స్క్రూలు లూజయ్యాయేమో చూడండి. తెల్లవారు జామున, దీపాలు ఆర్పిన తర్వాత, బ్యాటరీ వోల్టేజిని పుస్తకంలో రాసుకోండి. సాధారణ లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.2 దగ్గర ఉంటే సగం మిగిలి ఉందని గుర్తు. నెల నెలకూ ఆ అంకె తగ్గుతూ వస్తే, బ్యాటరీ పూర్తిగా పాడవక ముందే కారణం వెతకవచ్చు.

కొనే ముందు ఈ పట్టీ చూసుకోండి

1. ప్యానెల్ షార్ట్ సర్క్యూట్ కరెంటుకు నాలుగో వంతు కలిపితే వచ్చిన దానికంటే ఎక్కువ ఆంపియర్లదా?
2. ప్యానెల్ ఓపెన్ సర్క్యూట్ వోల్టేజికి 10 శాతం కలిపినా హద్దు దాటకుండా ఉంటుందా?
3. మీ బ్యాటరీ రకానికి అమరిక ఉందా?
4. వేడిని బట్టి వోల్టేజి తగ్గించే ఏర్పాటు ఉందా?
5. లోడ్ ఆపివేసే వోల్టేజి మార్చుకోవచ్చా?
6. బ్యాటరీ వోల్టేజి చూపే తెర ఉందా?
7. ఐ.ఇ.సి. 62509 ప్రమాణం ప్రకారం పరీక్షించినదా? వారంటీ కాగితం, బిల్లు ఇస్తారా?

ఈ ఏడింటిలో మొదటి మూడింటికి "కాదు" అని జవాబు వస్తే, ఎంత చవకగా ఇచ్చినా ఆ పెట్టె తీసుకోకండి. ఈ పేజీని కత్తిరించి బ్యాటరీ గది తలుపు లోపల అంటించుకోండి. మెకానిక్ వచ్చినప్పుడు చూపించండి. కాన్పు గది దీపాన్ని విడి తీగ మీదకు మార్చే పని మాత్రం రేపటికి వాయిదా వేయవద్దు. దానికి కావలసింది కొన్ని మీటర్ల తీగ, ఒక ఫ్యూజు, ఒక స్విచ్ మాత్రమే.